సన్నేసమ్మ తెచ్చిన కబురు

కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఒక కొండ మీద ఒక బడి ఉండేది. ఆ కొండ కింద ఒక గెడ్డ పారేది. గెడ్డ అంటే కొండవాగు, ఆ వైపు వాళ్ళు అలాగే అంటారు. ఇది ఏ ఏట జరిగిందని ముసలివాళ్ళని అడిగితే, "మా ముసలివాళ్ళు చెప్పారు" అంటారు. అంతకన్నా లెక్క ఎవరికీ తెలియదు. కథ మాత్రం ఉంది. వినండి.

ఆ బడి చూపులేని పిల్లలది. ఆ ఊళ్ళనేలే దొరసానికి ఒక్కగానొక్క కొడుకు ఉండేవాడట. వాడికి పుట్టుకతోనే చూపు లేదు. వాడు పదేళ్ళకే పోయాడు. వాడు తడుముకుంటూ తిరిగిన మేడ ఊరికే పాడుబడిపోకుండా, అలాంటి పిల్లలే అందులో తిరగాలని దొరసాని దాన్ని బడి చేసింది. పందొమ్మిది మంది పిల్లలు. చదువు చెప్పడానికి కూర్మాచార్యులనే పంతులుగారు. వండి పెట్టడానికి అసిరయ్య. నీళ్ళు మొయ్యడానికి సన్యాసమ్మ.

సన్యాసమ్మ అని ఆమెని నిండుగా ఎవరూ పిలిచింది లేదు. పెద్దవాళ్ళు సన్నేసమ్మ అనేవారు. పిల్లలు మామ్మ అనేవారు. ఆమెకి మొగుడు లేడు, బిడ్డల్లేరు, గెడ్డ ఒడ్డున ఒక గుడిసె ఉంది. బడి పెరట్లో ఒక నుయ్యి ఉంది గానీ దాని నీళ్ళు చవుడు, ఒళ్ళు కడుక్కోడానికి తప్ప నోట పెట్టుకోడానికి పనికిరావు. తాగే నీళ్ళు, వండే నీళ్ళు గెడ్డ నుంచే రావాలి. గెడ్డ నుంచి బడికి డెబ్బై మెట్లు. నెత్తి మీద ఒక కడవ, చంకలో ఒక బిందె. పొద్దున మూడు సార్లు ఎక్కాలి, సాయంత్రం మూడు సార్లు ఎక్కాలి. ముప్పై ఏళ్ళు ఎక్కింది. మోకాళ్ళు అరిగిపోయాయి. అరికాళ్ళు పగిలి, మళ్ళీ గట్టిపడి, మళ్ళీ పగిలి, చివరికి ముల్లు దిగినా తెలియనంతగా మొద్దుబారిపోయాయి.

ప్రతి సాయంత్రం ఆఖరి కడవ దింపి ఆమె ఒకటే మాట అనేది.

"ఇంక నా వల్ల కాదు. రేపు రాను."

అసిరయ్య పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పేవాడు కాదు. పొద్దున్నే మెట్ల మీద కడవ చప్పుడు వినిపించేది.

బడిలో కూర్మాచార్యులు పిల్లలకి చాలా నేర్పేవారు. చింతగింజలతో లెక్కలు, తాటాకు చాపలు, రాగయుక్తంగా పద్యాలు. ఋతువులు ఆరు అని నేర్పారు. పందొమ్మిది మందీ ఒక్క గొంతుతో "వసంత, గ్రీష్మ, వర్ష, శరత్, హేమంత, శిశిర" అని చదివేవారు. ఒక్కటీ తప్పేది కాదు. కానీ ఆ ఆరింటిలో గుమ్మం ముందు ఏది నిలబడిందో ఒక్కరికీ తెలియదు. ఎందుకంటే పంతులుగారిది ఒక కట్టుబాటు. పిల్లలు బడి ప్రహరీ గడప దాటకూడదు, లోపలి అరుగు దాకానే రావాలి. పూర్వం ఎప్పుడో ఒక పిల్లాడు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ నాటి నుంచి ఆయన గుండెలో భయం కూర్చుంది. ఎండయినా వానయినా పిల్లలు నాలుగు గోడల మధ్యే ఉండేవారు.

ఆ పిల్లల్లో తవిటమ్మ అని ఎనిమిదేళ్ళ గుంట ఉండేది. ఆడపిల్లని ఆ వైపు గుంట అంటారు. వాళ్ళ నాన్న ఆమెని బడి అరుగు మీద కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తానమ్మా" అని వెళ్ళి రెండేళ్ళయింది. ఒక పొద్దున సన్నేసమ్మ కడవ దింపుతుంటే తవిటమ్మ అడిగింది.

"మామ్మా, వసంతం ఎప్పుడొస్తాది?"

"వసంతమా? అదెవులమ్మా?"

"మనిషి కాదు మామ్మా. ఋతువు. చెట్లు చిగురేస్తాయంట. పూత పూస్తాదంట."

"ఓలమ్మ, అదేనా! అది మొన్నే వొచ్చీసింది. కింద మావిడిసెట్టు నిండా పూతే. ఇప్పపువ్వు రాలి మెట్లన్నీ జిగురుజిగురుగా ఉన్నాయి, కాలు జారతంది."

పిల్లలు ఒకరి తరవాత ఒకరు అరుగు అంచుకి జరిగారు. మూడో రోజో నాలుగో రోజో కాదు, వసంతం వచ్చి అప్పటికి పదిహేను రోజులయింది. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"ఇంకేటి మామ్మా? ఇంకా సెప్పు."

సన్నేసమ్మ అరుగు మీద కూలబడింది. నిజం చెప్పాలంటే ఆమె కూర్చున్నది పిల్లల కోసం కాదు. మోకాళ్ళు పీకుతున్నాయి. ఊరికే కూర్చుంటే అసిరయ్య అరుస్తాడు. పిల్లలతో మాట్లాడుతూ కూర్చుంటే కొంచెం ఆలస్యంగా అరుస్తాడు. అందుకని ఆమె చెప్పింది. గెడ్డలో చేప పిల్లలు గుంపులుగా తిరుగుతున్నాయని చెప్పింది. ఎరుకులోళ్ళు పందుల్ని తోలుకుని అటు వెళ్ళారని చెప్పింది. ఆఖరికి అసిరయ్య రానే వచ్చాడు.

"కబుర్లు సెప్పుకుంటా కూకుంటే కడవలు ఎవులు మోస్తారే?"

"కబురు సెప్పినంతసేపే కూకున్నాను కదరా. లెగుస్తన్నాను."

అలా మొదలయింది. మర్నాటి నుంచి ఆమె మెట్ల మీద ఉండగానే పిల్లలు అడిగేవారు.

"మామ్మా, ఏటి కబురు?"

మూడు కడవలకి మూడు కబుర్లు. మొదట్లో ఆమె కళ్ళకి కనిపించినవే చెప్పేది. మోదుగు ఎర్రగా పూసిందనేది. ఎరుపంటే ఏటి మామ్మా అని అడిగేవారు. ఆమె రెండు కడవల మధ్య ఆలోచించుకునేది. మూడో కడవ వేళకి మోదుగు పువ్వు కొంగున కట్టుకొచ్చి చేతిలో పెట్టేది. అలా ఆమె కొంగు బరువు పెరిగింది. ఎండాకాలం ముంజకాయలు, జీడిపళ్ళు. వాన పడ్డాక నేరేడు పళ్ళు. ఊడుపుల వేళ ఒక నారుకట్ట, వేళ్ళకి బురదతో సహా. పొట్టకొచ్చిన వరికంకి తెచ్చి, గింజ నొక్కి పాలు వేలికి అంటించేది. చలికాలం కుండలో తంపట వేసి ఉడికించిన తేగలు తెచ్చేది. ఒక ఏడు పొగమంచు దిగితే తేవడానికి ఏమీ లేక, తడిసిన తన కొంగునే పిల్లల మొహాలకి ఆనించింది. "ఇదే మంచు" అంది.

సాయంత్రం ఆఖరి కడవ దింపి, "ఇంక నా వల్ల కాదు. రేపు రాను" అనేది. పొద్దున్నే వచ్చేది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. 

తరవాత ఒక ఏడు వాన రాలేదు. పిల్లలు ఎండిన వరిగడ్డిని తడిమి చూశారు. రెండో ఏడూ రాలేదు. ఆ ఏడు తేవడానికి గడ్డి కూడా లేదు. మూడో ఏడు ఎండలు మొదలయ్యేసరికి పెరట్లో నుయ్యి ఎండిపోయింది. గెడ్డ కూడా ఎండిపోయింది. మడుగుల్లో నీళ్ళు పోయి ఉత్తి ఇసక మిగిలింది.

సన్నేసమ్మ ఇసకలో చెలమ తవ్వింది. చేత్తో గుంట తవ్వితే అడుగున ఊరే నీటిని చెలమ అంటారు. కొబ్బరిచిప్పతో తోడి, గుడ్డలో వడకట్టి కడవ నింపాలి. నాలుగు రోజులకి ఆ చెలమ ఎండింది. ఇంకొంచెం పైకి నడిచి ఇంకొకటి తవ్వింది. అదీ ఎండింది. రోజురోజుకీ దూరం పెరిగింది. ఆరు కడవలు మూడయ్యాయి. మూడు కడవలు ఒకటయ్యాయి. ఒక రోజు ఆమె పొద్దున బయల్దేరి, కొండ మలుపు దాటి, ఆ పైన ఇంకో మలుపు దాటి, పొద్దు నడినెత్తికి వచ్చాక సగం కడవతో తిరిగొచ్చింది.

పిల్లలకి మనిషికి పూటకి ఒక గరిటెడు నీళ్ళు. సగం తాగి సగం పిడతలో దాచుకునేవారు. పద్యాలు మానేశారు, నోరు ఎండిపోతోంది. చాపలు అల్లడం మానేశారు, తాటాకు తడపడానికి నీళ్ళు లేవు. అరుగు మీద వరసగా కూర్చుని మెట్ల వైపు మొహాలు పెట్టేవారు.

"మామ్మా, ఏటి కబురు?"

రోజూ అడిగేవారు. ఏం చెబుతుంది? రాలిన ఆకుల గురించి చెప్పింది. ఇసకలో చచ్చిన చేప గురించి చెప్పింది. ఒక రోజు చెప్పడానికి అది కూడా లేదు. పందొమ్మిది మొహాలు తన వైపే ఉన్నాయి. ఆమె అరుగు మీద కూలబడి అంది.

"మబ్బేసింది."

"ఏటి మామ్మా?"

"మబ్బేసిందమ్మా. తూరుపు కొండ మీద నల్లగా దిగింది. రేపో ఎల్లుండో వాన కురుస్తాది."

ఎన్నో నెలల తరవాత ఆ అరుగు మీద నవ్వులు వినిపించాయి. ఒకడు పద్యం ఎత్తుకున్నాడు. ఇద్దరు గుంటలు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగారు. సన్నేసమ్మ స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. కాసేపయినా నవ్వనీ అనుకుంది. 

రేపు వానొస్తుంది కదా అని పిల్లలు ఆ పూట పిడతల్లో దాచుకున్న నీళ్ళన్నీ తాగేశారు.

వాన రాలేదు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఆమె తెచ్చిన సగం కడవ అందరికీ గొంతు తడపడానికి కూడా చాలలేదు. రెండో రోజు మధ్యాహ్నం అందరిలోకీ చిన్నవాడు, అయిదేళ్ళ లచ్చుము, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. పంతులుగారు వాణ్ణి ఒళ్ళో వేసుకుని, కడవ అడుగున మిగిలిన బురదనీళ్ళు గుడ్డతో పిండి వాడి నోట్లో వేశారు. చాలాసేపటికి కళ్ళు కదిపాడు.

సన్నేసమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రాలేకపోయింది. తవిటమ్మ గోడ తడుముకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది.

"మామ్మా, మబ్బు రాలేదు కదా?"

తవిటమ్మే మళ్ళీ అంది.

"మబ్బొస్తే గాలి మారతాది. గాలి మారలేదు. ఆ రోజు నాకు తెలిసింది. కానీ నువ్వు సెప్పావు కదా అని నా ఒంటికి తెలిసిందాన్ని నేను నమ్మలేదు."

ఆ మాట సన్నేసమ్మకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. ఆ గుంట రెండూ చెయ్యలేదు. చెయ్యి చాచి ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. 

సన్నేసమ్మ అరుగు మీదికి వచ్చి కూర్చుంది. పిల్లలందర్నీ దగ్గరికి పిలిచింది.

"అమ్మల్లారా, నాయనల్లారా. నాను అబద్దం సెప్పాను. మబ్బు లేదు. ఏటీ లేదు. గెడ్డ ఎండిపోయింది. నిన్నటి సెలమ కూడా ఎండిపోయింది. ఇంకో మాట. దొరసాని కాడి నుంచి పంతులుగారికి కబురొచ్చింది. వైశాఖ పున్నానికల్లా నీళ్ళు దొరక్కపోతే బడి మూసేసి మిమ్మల్ని ఇళ్ళకి పంపేయమని. ఇదీ కబురు. ఇదే నిజం."

ఇళ్ళంటే కొందరికి అమ్మ ఉంది. కొందరికి పశువుల పాకలో ఒక మూల ఉంది. తవిటమ్మకి అదీ లేదు. పున్నమికి ఇంక తొమ్మిది రోజులు.

తవిటమ్మ అడిగింది.

"సెలమ ఎక్కడ తవ్వాలో ఎలా తెలుస్తాది మామ్మా?"

"ఇసక సల్లగా ఉన్న సోట తవ్వాలి. తెల్లారగట్ల ఇసకంతా సల్లగానే ఉంటాది. ఎండెక్కాక కూడా ఏ సోట సల్లగా ఉంటాదో ఆ అడుగున తడి ఉంటాది."

"మరి తవ్వొచ్చు కదా?"

"నా కాళ్ళకి తెల్దమ్మా. ఎప్పుడో మొద్దుబారిపోయాయి. నిప్పు మీద నడిచినా తెల్దు. కంటితో సూసి తవ్వుతన్నాను. అడుగున్న తడి కంటికి కనపడదు."

తవిటమ్మ వంగి తన పాదం తడుముకుంది. గడప దాటని పిల్ల పాదం అది. పువ్వులా మెత్తగా ఉంది.

"మా కాళ్ళున్నాయి కదా మామ్మా," అంది.

సన్నేసమ్మ లేచి పంతులుగారి దగ్గరికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళలో ఆమె ఆయన ముందు నిలబడి మాట్లాడింది లేదు. గుమ్మానికి అవతలే నిలబడి చెప్పింది. కూర్మాచార్యులు విని తల అడ్డంగా ఊపారు.

"కుదరదు సన్యాసమ్మా. మెట్లు చూశావు కదా. ఒక్కడు జారితే నేనేం చెప్పుకోను? పిల్లలు గడప దాటకూడదు."

"పంతులుగారూ, ఇళ్ళకి పంపేటప్పుడు గడప దాటించరా?"

ఆయన ఒళ్ళో లచ్చుము నిద్రపోతున్నాడు. ఆయన వాడి పెదవుల వైపు చూశారు. పొలుసులు లేచి ఉన్నాయి. ఆ రోజు తన వంతు నీళ్ళు కూడా ఆయన వాడికే పోశారు. ఆయన గొంతూ ఎండిపోయే ఉంది.

"ఎండ ఎంత ఎక్కాక వెళ్ళాలి?" అన్నారు చివరికి. "నేనూ వస్తాను."

మర్నాడు పొద్దు బారెడెక్కాక డెబ్బై మెట్లూ దిగారు. ముందు సన్నేసమ్మ. ఆమె కొంగు పట్టుకుని తవిటమ్మ. ఆమె భుజం పట్టుకుని ఇంకొకరు, వాళ్ళ భుజం పట్టుకుని ఇంకొకరు. వెనక పంతులుగారు, అందరికన్నా వెనక పారా భుజాన వేసుకుని అసిరయ్య. మెట్టుమెట్టుకీ సన్నేసమ్మ చెప్పింది. ఇది పగిలిన మెట్టు. ఇక్కడ వేరు అడ్డొస్తాది, కాలెత్తండి. ఇక్కడే నాను ఊపిరి తీసుకుంటాను, మీరూ నిలబడండి. తన ముప్పై ఏళ్ళ అలసట ఎక్కడెక్కడ ఉందో ఆ మెట్ల మీద వాళ్ళకి చూపించినట్టయింది.

గెడ్డలో దిగగానే పిల్లలు ఆగిపోయారు. బడిలో చేరాక వాళ్ళు ఇసక తొక్కలేదు. కాలి వేళ్ళ మధ్య జారిపోతుంటే ఒకడు భయపడి ఏడ్చాడు. తరవాత మెల్లగా నడక నేర్చుకున్నారు. వరసగా చేతులు పట్టుకుని, గెడ్డ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా నిలబడి, ఒక్కో అడుగూ వేశారు. కాలితో ఇసక పైపొర పక్కకి నెట్టి, పాదం ఆనించి, ఆగి, చూసుకుని, మళ్ళీ అడుగు. 

ఎగువంతా సన్నేసమ్మ తవ్వేసిందని మొదటి రోజు మెట్ల నుంచి దిగువకి నడిచారు. ఒక చోట చల్లగా ఉందన్నారు. అసిరయ్య తవ్వాడు. మోకాటి లోతున రాయి తగిలింది. రాయి చల్లదనమే అది.

రెండో రోజు ఇంకా దిగువన ఇంకో చోట చెప్పారు. తవ్వితే తడి ఇసక వచ్చింది. అసిరయ్య పారా పక్కన పడేసి సన్నేసమ్మతో కలిసి రెండు చేతులతో తోడాడు. తడి అక్కడే ఆగిపోయింది. నీరు ఊరలేదు. ఆ సాయంత్రం మెట్లెక్కేసరికి పిల్లల అరికాళ్ళు బొబ్బలెక్కాయి. పైకి చేరాక సన్నేసమ్మ ఖాళీ కడవ దింపి మామూలుగా అనే మాట అంది.

"ఇంక నా వల్ల కాదు. రేపు రాను."

"నేనూ రాలేనే," అన్నాడు అసిరయ్య. ముప్పై ఏళ్ళలో అతను ఆ మాటకి జవాబు చెప్పడం అదే మొదలు.

మూడో రోజు ఇద్దరూ వచ్చారు. పిల్లలు కాళ్ళకి ఆముదం రాసుకుని దిగారు. ఈసారి ఎగువకి తిరిగారు. ఎంతో దూరం నడవకముందే, గట్టిగా చెప్పాలంటే ఆఖరి మెట్టుకి ఇరవై అడుగుల్లోనే, ఒడ్డు కొంచెం లోపలికి వంగిన చోట తవిటమ్మ ఆగింది. కాలు తీసింది. మళ్ళీ పెట్టింది.

"మామ్మా, ఇక్కడ."

పక్కనున్న పిల్ల పాదం పెట్టి చూసింది. "అవును" అంది. లచ్చుముని పంతులుగారి చంకలోంచి దింపారు. వాడు పాదం ఆనించి అక్కడే చతికిలబడ్డాడు.

సన్నేసమ్మ ఆ చోటు చూసింది. మిగిలిన గెడ్డలాగే ఉంది. తెల్లటి ఎండు ఇసక. మూడు నెలలుగా ఆమె రోజూ దాన్ని తొక్కుకుంటూ రెండు మలుపుల అవతలికి నడిచింది. దాని మీద నుంచే ఖాళీ కడవతో వెళ్ళింది, దాని మీద నుంచే సగం కడవతో తిరిగొచ్చింది.

తవ్వారు. మోకాటి లోతుకి తడి వచ్చింది. నడుం లోతుకి ఇసక జారడం మొదలయింది. పంతులుగారు పంచె ఎగ్గట్టి గుంటలో దిగారు. ఆయన చెయ్యి పెట్టిన చోట, వేళ్ళ చుట్టూ నీరు ఊరింది. ముందు బురదగా, తరవాత తెల్లగా, తరవాత తేటగా ఊరింది. తోడితే మళ్ళీ ఊరింది. మళ్ళీ తోడితే మళ్ళీ ఊరింది. 

పిల్లలు తాగారు. అసిరయ్య తాగాడు. పంతులుగారు తాగారు. సన్నేసమ్మ తాగలేదు. ఇసకలో కూర్చుని తన పాదాలు రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. 

"ఎంత తిరిగానే తల్లీ," అంది. "ఎంత తిరిగానే."

తవిటమ్మ దోసిట్లో నీళ్ళు తెచ్చి ఆమె నోటికి అందించింది. సగం కారిపోయాయి. సగం ఆమె తాగింది.

బడి మూతపడలేదు. నీళ్ళు దొరికాయని పంతులుగారు దొరసానికి కబురు పంపారు. గడప దాటకూడదనే కట్టుబాటు కూడా ఆ రోజుతోనే పోయింది, దాని మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ మర్నాటి నుంచి సన్నేసమ్మని కడవ ఎత్తనివ్వలేదు పిల్లలు. నాలుగేసి మెట్లకి ఒకరు చొప్పున నిలబడి, చెంబులు చేతులు మార్చుకుంటూ పైకి పంపేవారు. కొంత ఒలికేది. కొంత చేరేది. ఆమె చెలమ దగ్గర కూర్చుని చెంబులు నింపేది.

"మరి నానేటి సేయాల?" అనేది.

"కూకో మామ్మా," అనేవారు మెట్ల మీద నుంచి.

కానీ కూర్చోవడం ఆమెకి ఆలస్యంగా దొరికింది. లోపల మనిషి అప్పటికే అరిగిపోయింది. జ్యేష్ఠం వచ్చేసరికి చెంబు ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చేవి. ఒక పొద్దున పిల్లలు దిగి చూస్తే చెలమ దగ్గర ఆమె లేదు. గుడిసెలో చాప మీద పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

"ఏటి కబురు?" అంది వాళ్ళ అడుగుల చప్పుడు విని. ఈసారి అడిగింది ఆమె.

పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు నొక్కుకున్నారు. తవిటమ్మ బయటికి వెళ్ళి నిలబడి, మొహం నాలుగు వైపులా తిప్పి, లోపలికి వచ్చింది.

"గాలి మారింది మామ్మా."

"మబ్బేసిందా?"

"తెల్దు మామ్మా. గాలి మారింది. అంతవరకే తెలుసు."

సన్నేసమ్మ కళ్ళు మూసుకుని నవ్వింది. "అంతవరకే సెప్పు. సాలు."

రెండో రోజు వాన కురిసింది. ఆ కబురు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గుడిసె తాటాకుల మీద అదే చెప్పుకుంది. అయినా పిల్లలు తడుస్తూ దిగి వచ్చి, తడి చేతులు ఆమె నుదుటి మీద పెట్టి, "వాన మామ్మా" అని ఒక్కొక్కరే చెప్పారు. పందొమ్మిది మందీ చెప్పేదాకా ఆమె మేలుకుని వింది. 

మూడో రోజు వాన వెలిసింది. లచ్చుము ఒడ్డున పచ్చిక తడుముతూ ఏదో పట్టుకొచ్చాడు. తొలకరికి నేలలోంచి పైకొచ్చే ఆరుద్ర పురుగు. సన్నేసమ్మ అరచేతిలో పెట్టాడు. ఆ అరచేతికి ఏమీ తెలియలేదు, కడవల రాపిడికి అది కూడా మొద్దుబారిపోయింది. తవిటమ్మ పురుగుని తీసి ఆమె మణికట్టు లోపలి వైపు, నరం కొట్టుకునే చోట పెట్టింది. పురుగు మెల్లగా పాకింది.

"ఓలమ్మ," అంది సన్నేసమ్మ. "ఎంత మెత్తగా ఉందే. యాభై ఏళ్ళుగా సూస్తన్నాను, ఎర్రగా ఉంటాదనే అనుకున్నాను."

కాసేపు నిద్రపోతానంది. ఇంక లేవలేదు. ఆ మణికట్టు మీద కొట్టుకోవడం ఆగిపోయిందని ముందు తెలుసుకున్నది తవిటమ్మే. ఆమె ఎవరినీ పిలవలేదు. చాలాసేపు ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది. తరవాత బయటికి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మామ్మ పోయింది."

అది జరిగి ఎన్నేళ్ళయిందో తెలియదు. ఆ మేడ పడిపోయింది, దాని చోట చూపులేని పిల్లలకే ఇంకో బడి లేచింది. ఆ వైపు పల్లెల్లో ఇప్పటికీ ఎండాకాలం చెలమ తవ్వాలంటే ముందు చిన్నపిల్లల్ని ఇసక మీద నడిపిస్తారు. పిల్లలు "ఇక్కడ" అన్న చోటే తవ్వుతారు. ఆ చెలమ ఎవరు తవ్వినా దాన్ని సన్నేసమ్మ చెలమ అనే పిలుస్తారు. ఎవరైనా లేనిపోనివి కలిపి చెబుతుంటే పెద్దవాళ్ళు ఆపి, "సన్నేసమ్మ పిల్లల్లా చెప్పు" అంటారు. అంటే తెలిసినంతవరకే చెప్పమని.

ఇక బడిలో, పొద్దున పాఠం మొదలుపెట్టే ముందు ఒక పిల్లో పిల్లాడో లేచి నిలబడి కబురు చెప్పాలి. తను తాకింది, తను విన్నది, తనకి వాసన తగిలింది, అదే చెప్పాలి. జీడిపువ్వు వాసన వస్తోందనో, కోకిల గొంతు ఈ ఏడు ముందే విప్పిందనో, నూతి గట్టు రాత్రి చలికి ఇంకా చల్లగా ఉందనో చెబుతారు. ఏమీ లేని రోజులు కూడా ఉంటాయి. ఆ రోజు లేచినవాళ్ళు "ఇవాళ ఏమీ లేదు" అని చెప్పి కూర్చుంటారు. అది తప్పని ఎవరూ అనరు. ఇంకేదైనా చెప్పమని ఎవరూ అడగరు. కాసేపు అందరూ అలా ఊరికే కూర్చుంటారు. తరవాత వేళ్ళతో చదివే పుస్తకాలు తెరుస్తారు.